మా బామ్మర్ది కంపెనీ దోస

నేను పండించిన వేరుశనగ తినని దేశం ఈ భూమ్మీద లేదు. ఓడల్లో పోయింది, రైళ్లలో పోయింది. మంచు కురిసే ఊళ్లలో జనం కోటు జేబుల్లో పోసుకుని నడుస్తూ తిన్నారు. ఒక ఏడు ఒక తెల్లదొర మా చేను పక్కన జీపు ఆపి దిగి, అప్పుడే పీకిన చెట్టు నుంచి నాలుగు కాయలు తెంపి, ఒలుచుకుని తిని, నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఇలాంటి గింజ ఇంకెక్కడా కాయదని తన భాషలో అన్నాడు. నాకు ఆయన భాష రాదు. కానీ చెయ్యి పట్టుకున్న తీరులోనే అర్థమైపోయింది.

ఈ మాట బలసముద్రంలో మా ఇంటి ముందరి టీ అంగట్లో చెప్పాను. వై.ఎన్.హొసకోట సంతలో చెప్పాను. పావగడ బస్సులో, పెళ్లిళ్లలో, తిథి భోజనాల్లో చెప్పాను. వినేవాళ్లు మారినప్పుడల్లా ఆ దొర ఇంకొంచెం ఎత్తు పెరిగేవాడు. ఒకసారి ఆయన కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఎవరూ కాదనలేదు. మా ఆవిడ మాత్రం నేను ‘జీపు’ అనగానే లేచి లోపలికి పోయేది.

లోకానికంతా శనక్కాయలు పెట్టిన ఇంతటివాణ్ణి నేనుండగా, మా ఆవిడ తమ్ముడు, అంటే నా బామ్మర్ది, బొటనవేలంత దోసపిందెతో నన్ను దాటుకుని పోయాడు. ఆ కడుపుమంట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా అందరికీ తెలుసని మా ఆవిడ అంటుంది. అయినా నా నోటితో చెబితే దాని రుచి వేరు.

ముందు నా భూమి సంగతి చెప్పాలి. సోలార్ పార్కు వచ్చినప్పుడు ఊరంతా ఇచ్చినట్టే నేనూ నా భూమిని కౌలుకిచ్చాను. వానలు మమ్మల్ని మరిచిపోయి చాలా ఏళ్లయింది. బోరు వేస్తే దుమ్ము తప్ప ఏమీ వచ్చేది కాదు. కాబట్టి ఇచ్చింది తప్పని ఇప్పటికీ అనను. ఏడాదికోసారి కౌలు బ్యాంకులో పడుతుంది. మబ్బు వైపు చూసే పని లేదు, అడవి పందుల కావలి లేదు. నిద్ర కావలసినంత ఉంది. కాకపోతే ఆ నిద్రలో ఏం చెయ్యాలో తెలియదు. నా చేను ఇప్పుడు కంచె లోపల, నల్లటి పలకల కింద ఉంది. పొద్దున్నే మోపెడ్ మీద పోయి కంచె పట్టుకుని, మా గట్టు ఎక్కడుండేదా అని వెతుకుతుంటాను. సెక్యూరిటీవాడు బీదర్ వైపు నుంచి వచ్చినవాడు. ‘యజమాన్రే, ఈ కడె బరబేడి’ అంటాడు, ఇటు రావద్దని. ఇది నా చేనురా అంటే ‘హౌదు, హౌదు’ అని తలూపి, చేత్తో మళ్లీ అదే దారి చూపిస్తాడు.

మా బామ్మర్దిది క్యాతగానచెర్లు. అతని చేనుకు మూడు వైపులా భూములన్నీ పార్కులోకి పోయాయి. అతనిది మాత్రం మిగిలింది, ఎందుకంటే అతని బోరు చావలేదు. మా అందరి బోర్లూ పోయిన కాలంలో ఆ ఒక్క బోరు సన్నటి ధారతో పోస్తూనే ఉండేది. ఆ నీటిని చూసి నేను ఎన్నిసార్లు గుటకలు మింగానో ఆ దేవుడికి తెలుసు. పార్కు ఇంకా పెరుగుతోంది, ఈ ముక్క కూడా ఇవ్వమని భూముల బ్రోకరు ఒకడు అతని చుట్టూ తిరిగేవాడు. ‘ఇంకో పంట చూస్తానప్పా’ అంటూ అతను రోజులు నెట్టుకొచ్చేవాడు.

ఆ సమయంలో దోస కంపెనీ వచ్చింది. ఒక ఫీల్డ్ మ్యాన్ టోపీ పెట్టుకుని, మోటారు సైకిల్ మీద మా బామ్మర్ది ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. వెతుక్కుంటూ వచ్చాడన్నది గమనించండి. నా కాయల కోసం నా ఇంటికి ఎవరూ అలా వెతుక్కుంటూ రాలేదు. నేనే మూటలు బండికెత్తుకుని హొసకోట మండీకి పోయి, వాళ్లు పిలిచేదాకా గోడకు ఆనుకుని నిలబడేవాణ్ణి. ఇతనికేమో కంపెనీ వచ్చి గుమ్మంలో నిలబడింది. విత్తనం కంపెనీది, ఎరువు కంపెనీది, మందు కంపెనీది. పుల్లలు నాటి తీగలు పాకించే దారం కూడా కంపెనీదే. కాసిన కాయ అంతా కంపెనీదే. నేల, నీళ్లు, నడుం నొప్పి మా బామ్మర్దివి. ఆ కాయ ఉప్పు, వెనిగర్ కలిపిన నీళ్లలో ఊరి, సీసాల్లో పడి సముద్రం దాటిపోతుందట. మాలో ఎవరూ దాన్ని తినరు, సంతలో అమ్ముడుపోదు, కంపెనీ తప్ప కొనేవాడు లేడు.

విత్తనం పెట్టిన రోజు అతను మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“బావా, తేల్చేసినా. ఈ పంటంతా కంపెనీ సక్కగా ఎత్తుకొనిపోయిందంటే భూమి నాది. ల్యాకపోతే సోలారోళ్లది. ఇంగ నా చేత గాదు,” అన్నాడు.

“అట్లనే కానీప్పా, మంచిదే,” అన్నాను నేను.

పైకి అలా అన్నాను. అతనూ భూమి ఇచ్చేస్తే బాగుండునని లోపల నాకు ఉండేది. ఇద్దరం అరుగు మీద కూర్చుని కాళ్లు ఊపుకుంటాం కదా. నేనొక్కణ్ణే ఎందుకు ఊపుకోవాలి?

మా వైపు ఏ కొత్త పంట వచ్చినా, మొదటి కోతలో ఒక చేటెడు ఆడబిడ్డ ఇంటికి పోవాలి. అమ్మకానికి పోయేది ఆ తర్వాతే. కంపెనీ కాయ ఒక్కటి కూడా బయటికి పోకూడదని ఫీల్డ్ మ్యాన్ గట్టిగా చెప్పాడట. కానీ ఆడబిడ్డ చేట సంగతి కంపెనీకి ఎవరు చెబుతారు? మా బామ్మర్ది తువ్వాల్లో మూట గట్టుకుని దొంగలా వచ్చాడు.

“అక్కా, ఇదో, కంపెనీ దోస. పప్పులోకి ఎయ్యి.”

మా ఆవిడ మూట విప్పి చూసింది. “ఇంత పసిపిల్లోల్లను కోసుకొచ్చినావేంరా?”

“ఇంతే ఉండల్లంటక్కా. బొటనేలు కంటే లావైతే వాళ్లు ముట్టుకోరంట.”

“యాడోళ్లు?”

“ఏమో. ఫారినోళ్లు.”

“ఆ ఫారినోళ్లకు పండ్లు ల్యావేమో,” అన్నాను నేను. “పండ్లూడినోళ్లకే ఇంత లేతకాయలు కావల్ల.”

మా బామ్మర్ది ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “నీ శెనక్కాయలు తిన్నోళ్లే గద బావా వాళ్లు. అవి కొరికి కొరికి ఊడిపోయింటాయి.”

మా ఆవిడ నవ్వింది. పెళ్లయినప్పటి నుంచి నా మాటలకు ఆవిడ అంత నవ్వగా నేను చూడలేదు. ఆ రోజు పప్పు కాస్త చేదుగా ఉంది. ‘బాగుండాది’ అంటూ మా ఆవిడ మళ్లీ వడ్డించుకుంది. ఉప్పు తక్కువైందని నేను కంచం పక్కకు నెట్టాను. ఉప్పు సరిగానే ఉంది.

ఇక కోతలు మొదలయ్యాయి. ఆ దోస మామూలు పంటలా ఆగే రకం కాదు. పొద్దున పిందెగా ఉన్నది మర్నాటికి కాయ అయిపోతుంది. కాబట్టి ప్రతిరోజూ తెల్లారకముందే చేలోకి దిగి తీగ తీగా వెతికి తెంపాలి. ఎంత చిన్నదైతే కంపెనీకి అంత ఇష్టం. కూలీలు దొరకడం కష్టం. సగం మంది సోలార్ ప్లాంటులో గడ్డి కోయడానికి, పలకలు కడగడానికి పోతున్నారు. అందుకని మా బామ్మర్ది నన్ను పిలిచాడు.

“రా బావా, ఊరికే కూర్చోని కంచె ఎంతసేపని పట్టుకుంటావు?”

సాయం చెయ్యడానికే పోయాను. అంటే, పోయేటప్పుడు అలాగే అనుకున్నాను. చేలోకి దిగేసరికి అంతా పచ్చదనం. మూడు వైపులా నల్లటి పలకలు, మధ్యలో పుల్లల మీద పాకుతున్న తీగలు, పసుపు పూలు, ఆకుల కింద చెమ్మ. నా చేయి మట్టి తగిలి ఎంత కాలమైందో అప్పుడు తెలిసింది. నాకు ఒక సాలు అప్పగించారు. గంప నిండా కోసి గట్టు మీద పెట్టి, మీసం దువ్వుకున్నాను.

ఎండెక్కాక ఫీల్డ్ మ్యాన్ వచ్చి పాక కింద గంపలు దిమ్మరించి ఏరడం మొదలుపెట్టాడు. నా గంప దగ్గర ఆగి ఒక కాయ ఎత్తి చూశాడు. ‘ఇదు యారు కిత్తిద్దు?’ అన్నాడు, ఇది కోసిందెవరని. అందరూ నా వైపు చూశారు. నా గంపలో ఉన్నవన్నీ జానెడు కాయలు. చక్కగా ఊరినవి, నిండుగా ఉన్నవి, ఎవరింటికి తీసుకుపోయినా సంతోషంగా తీసుకునేవి. పిందెలన్నిటినీ నేను తీగ మీదే వదిలేశాను.

“ఏం బావా, పెద్దవి కోసి చిన్నవి ఇడిసిపెట్టినావే!” అని మా బామ్మర్ది తల పట్టుకున్నాడు. “ఆ సాలంతా రేపటికి ఆనక్కాయలైతాయి గదప్పా!”

“పిందె తెంపేదానికి నా చెయ్యి రాదురా. కాయ ఊరల్ల, గింజ నిండల్ల, అప్పుడు కొయ్యల్ల. నా పుట్టుకనుంచి నేను చేసింది అదే.”

“చెయ్యి రాదా, కడుపు మండుతాందా?” అంది పక్క సాలులో ఉన్న ఒక కూలావిడ. పాక కింద అందరూ నవ్వారు. ఫీల్డ్ మ్యాన్‌కు తెలుగు అంతంతమాత్రమే అయినా వాడూ నవ్వాడు.

అలవాటేనని నేను ఒట్టు పెట్టాను. అది అబద్ధం కాదు. వేరుశనగ రైతుకు అదే నేర్పు. కాయ నిండేదాకా చెట్టును ముట్టుకోవద్దని మా నాయన నా చెవి మెలిపెట్టి నేర్పాడు. కానీ సగం సాలు దాకానే అది అలవాటు. సగం సాలు దగ్గర మా బామ్మర్ది చెప్పిన బొటనవేలు మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చిన తర్వాత కూడా నా చేతులు పెద్దవాటినే తెంపాయి. నేను వాటిని ఆపలేదు. ఒట్టు పెట్టేటప్పుడు ఆ మిగతా సగం సాలును లెక్కలోకి తీసుకోలేదు.

ఆ ఫీల్డ్ మ్యాన్ ఒకరోజు తన ఫోనులో ఒక ఫోటో చూపించాడు. గాజు సీసా, లోపల ఆకుపచ్చగా వరసగా నిలబడ్డ దోసపిందెలు, మీద ఏదో దేశపు అక్షరాలు. మా బామ్మర్ది ఆ ఫోటోను తన ఫోనులోకి పంపించుకుని ఊరంతా చూపించాడు. నాకూ చూపించాడు. ఒకసారి చూపిస్తే చాలదా?

“ఇది ఎట్ల తింటారప్పా వాళ్లు?” అని ఫీల్డ్ మ్యాన్‌ను అడిగాను.

రెండు రొట్టెల మధ్య మాంసం పెట్టి, పైన దీన్ని సన్నగా కోసి పెడతారని కన్నడంలో చెప్పాడు. కొందరైతే తినేముందు దాన్ని వేలితో తీసి పారేస్తారట కూడా.

ఆ మాట నన్ను చాలా రోజులు సంతోషపెట్టింది. తీసి పారేస్తారట! మా ఆవిడకు చెప్పాను, టీ అంగట్లో చెప్పాను, కంచె దగ్గర సెక్యూరిటీవాడికి కూడా చెప్పాను. తర్వాత ఒక మధ్యాహ్నం పడుకుని ఆలోచిస్తే ఆ సంతోషం ఇగిరిపోయింది. తీసి పారేసేవాడైనా దాన్ని వేలితో పట్టుకుంటాడు కదా. ఎక్కడో పేరు తెలియని ఊళ్లో, మా బామ్మర్ది తెంపిన పిందె ఒక మనిషి వేలికి తగులుతుంది. ఆ మనిషి రొట్టె ఎంత వెడల్పో చూసి ఎవరో ఒక కొలత పెట్టారు. ఆ కొలత కోసం క్యాతగానచెర్లులో ఆడవాళ్లు తెల్లారకముందే లేస్తున్నారు. నా శనక్కాయ కోసం ఏ దేశంలో ఎవడు కొలత పెట్టాడు?

నా అసూయ అక్కడితో ఆగలేదు. ఒకరోజు నూనె తెమ్మని మా ఆవిడ హొసకోటకు పంపింది. అంగట్లో వేలాడేవన్నీ పామాయిలు ప్యాకెట్లే. ఒకప్పుడు మా తాలూకాలో నూనె అంటే శనక్కాయల నూనె. వేరే నూనె ఉందని మాకు తెలియదు. ఇప్పుడు శనగనూనె పై అరలో, అందనంత ఎత్తున, అందనంత ధరతో కూర్చుంది. మేము తినేది ఎక్కడో సముద్రాల అవతల కాసే తాటిలాంటి చెట్టు నూనె. ఆ చెట్టును నేను చూడలేదు. దాని కాయ ఎలా ఉంటుందో తెలియదు. అయినా ఆ చెట్టు మీద నాకు పుట్టిన మంట మనిషి మీద కూడా పుట్టలేదు. వాన కోసం ఏడవదు, పందులు తవ్వవు, మా ఇంటి బాణలిలోకి నేరుగా వచ్చి కూర్చుంది. పక్కనే ఉప్పు రాసిన వేయించిన వేరుశనగ గింజల చిన్న చిన్న ప్యాకెట్లు దండలా వేలాడుతున్నాయి. ఒకటి తెంపి, తిప్పి తిప్పి చూశాను. చేసిన కంపెనీ పేరు ఉంది, కస్టమర్ కేర్ ఉంది. ఆ గింజ ఏ ఊరి మట్టిలో ఊరిందో ఎక్కడా లేదు.

“ఏం చూస్తాండావు పెద్దాయనా, మీ ఊరి పేరు ఎతుకుతాండావా?” అన్నాడు అంగడివాడు.

ఆ రోజు మోపెడ్ మీద తిరిగొస్తుంటే, నాకు నేనే ఒక నిజం ఒప్పుకోవలసి వచ్చింది. నా శనక్కాయలు హొసకోట మండీ దాకా పోయేవి. మండీ నుంచి నూనె మిల్లుకు పోయేవి. మిల్లు తర్వాత ఎక్కడికి పోయాయో నాకు తెలియదు. లోకమంతా తిన్నదని నేను చెప్పినదంతా, ఆ మిల్లులో ఒక గోనె మీద తెలియని అక్షరాలు కనిపిస్తే నేను అల్లుకున్న కథ. ఆ గోనెలో ఏముందో కూడా నేను విప్పి చూడలేదు.

ఇక తెల్లదొర. ఆయన దొర కాదు. అంత తెలుపూ కాదు. గాలిమరలకు స్థలం చూడటానికి ఉత్తరాది నుంచి వచ్చిన ఇంజినీరు. మా చేను దగ్గర జీపు టైరు పంక్చరైంది. నీళ్లడిగాడు, ఇచ్చాను. నేను పెట్టిన పచ్చికాయలు ఒకటి రెండు నోట్లో వేసుకుని, మిగతావి మర్యాదకు జేబులో వేసుకున్నాడు. చెయ్యి పట్టుకున్న మాట మాత్రం నిజం. కాలువ దాటడానికి పట్టుకున్నాడు.

నేను ఇలా దిగిపోయి, మా బామ్మర్ది ఇంకా పైకి పోతున్న రోజుల్లో, ఒక సాయంత్రం కంపెనీ బండి రాలేదు.

రోజూ పొద్దు వాలే వేళకు ఒక చిన్న లారీ వచ్చి మూటలు ఎత్తుకుపోయేది. ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. మా బామ్మర్ది ఫోను చేస్తే ఫీల్డ్ మ్యాన్ ఎత్తలేదు. ఈ సంగతి మా ఆవిడ దిగులుగా చెప్పింది. ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. దాచడమెందుకు, తిన్నాను.

ఆ తర్వాత మోపెడ్ వేసుకుని చూడ్డానికి పోయాను. పాక కింద తడి గోనెల కింద దోసపిందెలు గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. కిందవి అప్పుడే మెత్తబడి పుల్లటి వాసన కొడుతున్నాయి. అయినా అతనూ, అతని భార్యా ఇంకా కోస్తూనే ఉన్నారు. కొయ్యకుండా వదిలేస్తే తీగ అంతటితో పూత మానేస్తుంది. బండి రేపు వస్తుందేమోనన్న ఆశతో, ఎవరూ కొనని కాయ కోసం ఇద్దరూ నడుములు వంచుతున్నారు. చివరికి ఫీల్డ్ మ్యాన్ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు.

“అక్కడ కొనేవాళ్లు ఆర్డర్ తగ్గించారంట,” అని కన్నడంలో చెప్పాడు.

“ఎందుకప్పా?” అన్నాడు మా బామ్మర్ది.

“నాకు తెలియదు. పైవాళ్లకు తెలుసు.”

“పైవాళ్లు యాడుండారు?”

“బెంగళూరులో.”

“వాళ్ల పైవాళ్లు?” అని నేను అడిగాను.

ఫీల్డ్ మ్యాన్ చెయ్యి పైకెత్తాడు. పైన ఎండ తప్ప ఏమీ లేదు. ఆ ఎండనేమో చుట్టూ పలకలు తాగుతున్నాయి.

మా బామ్మర్ది గోనె కింద చెయ్యి పెట్టి చూసి, మెత్తబడిన పిందెల్ని పక్కకు తీసి పోశాడు. అతను అరిచి ఉంటే నాకు బాగుండేది. నాతో ఎప్పుడూ వెక్కిరింతగా మాట్లాడేవాడు ఆ రోజు ‘కూర్చో బావా’ అన్నాడు. అసూయ పడాలన్నా ఎదుటివాడు కాస్త బాగుండాలి కదా.

“నేను అమ్ముతా ఇయ్యి,” అన్నాను. “హొసకోట సంతలో నేను అమ్మని సరుకుందా?”

రెండు గంపలు ఆటోలో వేసుకుని సంతకు పోయాను. ఆ రోజు నేను ఎలా అరిచానో హొసకోట ఇప్పటికీ చెప్పుకుంటుంది. విదేశాల్లో దొరసానులు దీన్ని తింటేనే అంత తెల్లగా ఉంటారన్నాను. రొట్టెల మధ్య పెట్టుకునే కాయ, విమానంలో పోవలసిన కాయ, మీ అదృష్టం కొద్దీ మీ ముందరికొచ్చిందన్నాను. ఒక ముసలావిడ ఒకటి తీసుకుని నిమిరి చూసింది.

“ముండ్లు గుచ్చుకుంటాండాయి గదప్పా. ఇది దోసకాయనా, కాకరకాయ పిల్లనా?”

“ఫారిన్ దోసమ్మా!”

“ఫారినోళ్లనే తినమను,” అని గంపలో వేసి పోయింది.

గంపలు రెండూ ఖాళీ చేసుకునే తిరిగొచ్చాను. ఖాళీ అంటే, కొన్నవాళ్లు కొందరు. మిగతావి చివర్లో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పోసేశాను. ఇంటికి తిరిగి తీసుకుపోయే ధైర్యం లేక. పాక కింద మిగిలిన గుట్టను గొర్రెలకు వేశారు. గొర్రెలు ఒక రోజు బాగా తిన్నాయి. రెండో రోజు వాసన చూసి మొహం తిప్పుకున్నాయి.

ఇదంతా అయ్యాక బ్రోకరు మళ్లీ వచ్చాడు. ఈసారి కాగితాలు సంకలో పెట్టుకుని వచ్చాడు. మా బామ్మర్ది ముందే చెప్పిన మాట ఉంది కదా: కంపెనీ ఎత్తుకోకపోతే భూమి సోలారోళ్లదని. అతను వేలిముద్రకు వేలు ముందుకు చాపి కూర్చున్నట్టే అయింది.

ఆ సాయంత్రం నేను అతని చేనుకు పోయాను. నా మనసులో ఏముందో దాచను. అతనూ నాలాగే కంచె బయట నిలబడాలనే కోరిక అంత కష్టంలో కూడా నాలో చావలేదు. కానీ మనసు ఒకటనుకుంటే నోరు మరొకటి పలికింది. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. నేను పిడికెడు మట్టి తీసి అతని చేతిలో పోశాను. “ఇయ్యొద్దురా. ఫారినోడు వద్దంటే దోస పోయింది, మట్టి పోల్యా. వాడు అడగని పంట పెట్టు. మన పంట పెట్టు. నేను కంచె పట్టుకొని ఏడ్సింది చాలు,” అన్నాను. మరుసటి వారం దోస తీగలు పీకేశాడు. బ్రోకరు కాగితాలు సంకలో పెట్టుకున్నట్టే తిరిగిపోయాడు. తొలి వాన పడగానే మా బామ్మర్ది శనక్కాయలు వేశాడు.

ఈ ఏడు ఆ శనక్కాయలు పీకారు. మరీ గొప్పగా కాయలేదు, మరీ తీసిపోనూ లేదు. చేలో ఒక మూల, సోలార్ కంచె స్తంభాలకు టార్పాలిన్ కట్టి, దాని నీడలో కూలీ ఆడవాళ్లు చెట్ల నుంచి కాయలు కోస్తున్నారు. మా ఆవిడ కూడా పుట్టింటి పంట కదా అని వచ్చి, ఒళ్లో చెట్లు పెట్టుకుని కోస్తోంది. నేను వాళ్ల మధ్యన కూర్చుని పచ్చికాయలు ఒలుచుకుని తింటున్నాను. కంచె అవతలి నుంచి, ఇప్పుడు ఇటువైపు డ్యూటీ పడ్డ ఆ బీదర్ సెక్యూరిటీవాడు చెయ్యి చాపితే వాడికీ గుప్పెడు పోశాను. ఇటు రావద్దనే మాట ఆ రోజు వాడి నోట రాలేదు. అంతమంది వినేవాళ్లు దొరికాక నేను ఊరుకోలేకపోయాను.

“ఈ చేను ఈ పొద్దు ఈడ ఉండాదంటే ఎవురి వల్లనో తెలుసునా మీకు?” అన్నాను.

“ఎవురి వల్ల తాతా?” అంది ఒక పిల్ల.

గట్టు మీద కూర్చోవడం, పిడికెడు మట్టి, నేనన్న మాటలు, అతని కళ్లు చెమ్మగిల్లడం, అంతా వరసగా చెప్పాను. కూలీలు కొయ్యడం ఆపి విన్నారు. మా బామ్మర్ది మాత్రం తల దించుకుని మూట కడుతూ ఉన్నాడు. నేను ముగించి అందరి వైపూ చూశాను.

మా ఆవిడ ఒళ్లోని చెట్టును పక్కకు విసిరింది.

“మట్టి యాడ పట్టుకుంటివయ్యా నువ్వు? ఆ పొద్దు చేను మొగమే సూడల్యా నువ్వు. మావాళ్ల అరుగు మీద కూర్చోని కాఫీ తాగుతాంటివి. నేను గడపలోనే ఉండా. ‘ఇచ్చెయ్‌రా, నా మాదిరి నెమ్మదిగా కూర్చుందువు’ అంటివి. ఆ బ్రోకర్‌కు ఫోన్ చేసి రమ్మనిండేది గూడా నువ్వే. నువ్వు చెప్పినంక వీడు ‘సరే ఇస్తా’ అనె. భూమి పహణి కాగితం ఇంకా మా నాయిన పేరు మీదనే ఉండాది, నా ఏలిముద్ర గూడా కావల్ల అనె ఆ బ్రోకరు. నేను ఎయ్యనంటి. అంతే జరిగిండేది. తినింది చాలు, కాయలు కొయ్యి.”